రక్తకణంలోని దూరపు మీట

మా మదర్సాలో తొమ్మిదేళ్ల బాలుడొకడు చదువుతున్నాడు. మధురమైన స్వరం, మంచి జ్ఞాపకశక్తి. అయితే మూడు వారాలకొకసారి రెండు రోజులు తరగతికి రాడు. మొదట్లో దానిని అశ్రద్ధగా భావించి మేము వాడిని మందలించాము కూడా. ఒకనాడు అసర్ నమాజు తరువాత వాడి తండ్రి మా వద్దకు వచ్చి తల వంచుకొని కూర్చున్నాడు.

"మౌలానా సాబ్, వాడిని కోప్పడకండి. వాడు వెళ్లేది రక్తం ఎక్కించుకోవడానికి. తలసీమియా అన్నారు డాక్టర్లు."

ఆ మాట విన్న తరువాత మాకు మరొక సంగతి గుర్తుకు వచ్చింది. ఆ దంపతుల నికాహ్ ఖుత్బా చదివినది మేమే. వధువు వరునికి స్వయానా మేనత్త కుమార్తె. ఆనాడు మహర్ ఎంతో అడిగాము, సాక్షులెవరో అడిగాము, వధువు సమ్మతిని తెలుసుకున్నాము. ఇద్దరికీ రక్తపరీక్ష చేయించారా అని మాత్రం అడగలేదు. అడగాలని మాకు తెలియదు.

తండ్రి ఇంకా ఇలా అన్నాడు: "ఇది పుట్టుకతో వచ్చిన జబ్బంటున్నారు. మరి పుట్టినప్పుడు వీడు బాగానే ఉన్నాడు కదా! ఐదారు నెలలు నిండాకనే పాలిపోవడం మొదలైంది. మా అమ్మేమో దిష్టి తగిలిందంటుంది. మా పెద్దమ్మ తల్లిపాలలోనే దోషముందంటుంది. ఇన్నేళ్లుగా నా భార్య ఆ మాటలు మోస్తూనే ఉంది. మీరు చదువుకున్నవారు, మీరైనా చెప్పండి."

మేము చదువుకున్న చదువులో ఈ ప్రశ్నకు జవాబు లేదు. తెలియనిదానిని తెలియదని చెప్పడం మా గురువులు మాకు నేర్పిన తొలి పాఠాలలో ఒకటి. ఆ రోజు అదే చెప్పి కొంత వ్యవధి కోరాము. చిన్ననాడు మా వద్ద చదువుకొని నేడు వైద్యుడైన ఒక శిష్యుని సహాయంతో, తెలుసుకోగలిగినంత తెలుసుకున్నాము. ఈ వ్యాసం ఆ తండ్రికి, అంతకన్నా ముఖ్యంగా ఆ తల్లికి, మేము బాకీపడిన జవాబు.

ఒకే గ్రంథం, వేర్వేరు పఠనాలు

మన రక్తానికి ఎరుపు రంగునిచ్చేది హిమోగ్లోబిన్. ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును అందుకొని శరీరమంతటికీ చేరవేసేది అదే. ఒక్కొక్క ఎర్రకణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులుంటాయి. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు మాత్రమే. అందుచేత మన ఎముకల మజ్జ సెకనుకు సుమారు 20 లక్షల కొత్త ఎర్రకణాలను తయారు చేస్తూనే ఉంటుంది. మనం నిద్రిస్తున్నా ఆ పని ఆగదు.

ఒక్కొక్క హిమోగ్లోబిన్ అణువులో నాలుగు గొలుసులుంటాయి. పెద్దవారిలో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు. ఆల్ఫా గొలుసును ఎలా అల్లాలో తెలిపే జన్యువులు 16వ క్రోమోజోముపై, బీటా గొలుసు జన్యువు 11వ క్రోమోజోముపై ఉన్నాయి. ప్రతి మనిషికీ బీటా జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తండ్రి నుండి, మరొకటి తల్లి నుండి వస్తుంది. రెండు ప్రతులూ తీవ్రంగా దెబ్బతిన్నప్పుడు బీటా గొలుసు తగినంతగా తయారు కాదు. జతలేని ఆల్ఫా గొలుసులు పేరుకొని, తయారవుతున్న కణాలను మజ్జలోనే నాశనం చేస్తాయి. అదే బీటా తలసీమియా మేజర్. అమెరికా వైద్యుడు థామస్ కూలీ దీనిని 1925లో వర్ణించాడు.

ఇక్కడ ఒక ఆశ్చర్యకరమైన సంగతి ఉన్నది. మన డి.ఎన్.ఏ. గ్రంథం దాదాపు 300 కోట్ల అక్షరాలది. మెదడు కణంలోనూ, చర్మ కణంలోనూ, రక్తాన్ని తయారుచేసే మజ్జ కణంలోనూ ఉన్నది ఆ గ్రంథమే. అయినా కంటి కణం హిమోగ్లోబిన్‌ను తయారు చేయదు. మజ్జ కణం కంటి పని చేయదు. హాఫిజ్ హృదయంలో ఖుర్ఆన్ యావత్తూ ఉంటుంది. అయినా ఒక్కొక్క నమాజులో ఆయన పఠించేది ఒక భాగాన్నే. కణం కూడా అంతే. గ్రంథమంతా దానిలో ఉన్నది, తన వంతు భాగాన్నే అది చదువుతుంది.

మరి ఏ కణం ఏ భాగాన్ని, ఎప్పుడు, ఎంత చదవాలో నిర్ణయించేదేమిటి? మాంసకృత్తుల తయారీని తెలిపే అక్షరాలు మన డి.ఎన్.ఏ.లో నూటికి రెండు పాళ్లు కూడా లేవు. మిగిలిన దానిలో చాలా భాగాన్ని ఒకప్పుడు కొందరు పనికిరాని చెత్తగా భావించారు. ఆ మిగిలిన దానిలోనే జన్యువులను వెలిగించి ఆర్పే మీటలు ఉన్నాయని తరువాత తేలింది. వాటిలో కొన్ని తాము నడిపించే జన్యువుకు చాలా దూరంగా ఉంటాయి.

దోషం లేని జన్యువు మూగబోయిన వైనం

ఈ సత్యం బయటపడడానికి దారి చూపినవారిలో ఒక తలసీమియా రోగి ఉన్నారు. 1980 ప్రాంతంలో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఒక వింత తలసీమియాను పరిశీలించారు. ఆ రోగి బీటా జన్యువును వేరుచేసి చూస్తే దానిలో ఏ లోపమూ కనబడలేదు. ప్రతి అక్షరమూ ఉండవలసినచోటనే ఉన్నది. అయినా ఆ జన్యువు పని చేయడం లేదు. లోపం మరొకచోట ఉన్నది. బీటా జన్యువుకు ముందున్న డి.ఎన్.ఏ.లో సుమారు ఒక లక్ష అక్షరాల భాగం లేచిపోయింది. ఇంట్లో దీపం చెక్కుచెదరలేదు. ఎక్కడో దూరాన ఉన్న మీట పోయింది.

ఆ మీట ఏమిటో 1987లో స్పష్టమైంది. లండన్‌లో ఫ్రాంక్ గ్రోస్‌వెల్డ్, ఆయన సహచరులు ఆ దూరపు భాగాన్ని మానవ బీటా జన్యువుకు జోడించి ఎలుకలలో ప్రవేశపెట్టారు. అంతకుముందు బీటా జన్యువును ఒంటరిగా ప్రవేశపెట్టినప్పుడు అది చాలా బలహీనంగా పనిచేసేది, లేదా అసలే పనిచేసేది కాదు. దూరపు భాగం తోడు కాగానే అది ఎర్రకణాలలో నిండుగా పనిచేసింది. ఎలుక డి.ఎన్.ఏ.లో ఎక్కడ చేరినా పనిచేసింది. శాస్త్రవేత్తలు ఆ భాగానికి లోకస్ కంట్రోల్ రీజియన్ అని పేరు పెట్టారు. మనం దానిని నియంత్రణ ప్రాంతమని పిలుచుకుందాం. అది బీటా జన్యువుకు దాదాపు 50 వేల అక్షరాల దూరంలో ఉన్నది. బీటా జన్యువు నిడివే దాదాపు 1,600 అక్షరాలు. అంటే తన నిడివికి ముప్పై రెట్లకు పైగా దూరంలో దాని మీట ఉన్నదన్నమాట.

తస్బీహ్ దారం

అంత దూరం నుండి మీట ఎలా పనిచేస్తుంది? మన చేతిలోని తస్బీహ్‌ను చూడండి. దారాన్ని విప్పి నేలపై నిలువుగా పరిస్తే మొదటి పూస ఒక కొసన, చివరి పూస మరొక కొసన ఉంటాయి. దారాన్ని మడిచి కొసలను కలిపితే ఆ రెండు పూసలూ ఒకదానినొకటి తాకుతాయి. ఒక్క పూస కూడా తగ్గలేదు. దారం వంగింది, అంతే. మన ప్రతి కణంలోని డి.ఎన్.ఏ. దారాన్ని సాగదీస్తే సుమారు రెండు మీటర్ల పొడవుంటుంది. కంటికి కనబడని కణకేంద్రంలో అది మడతలు మడతలుగా ఒదిగి ఉంటుంది. ఆ మడతల వల్ల దూరపు మీట జన్యువు దగ్గరకు చేరుతుంది.

ఇది 2002లో ఎలుకలపై జరిపిన పరిశోధనలో రుజువైంది. రక్తాన్ని తయారుచేసే కణాలలో నియంత్రణ ప్రాంతం, బీటా జన్యువు ఒకదానినొకటి చేరుకొని, మధ్యనున్న డి.ఎన్.ఏ. ఉచ్చులాగా వంగి కనిపించింది. మెదడు కణాలలో ఆ ఉచ్చు లేదు. దారం అదే, మడత మాత్రం వేరు. మీటపై గాటా-1, కె.ఎల్.ఎఫ్.-1 వంటి ప్రత్యేక మాంసకృత్తులు వాలుతాయి. ఎల్.డి.బి.-1 అనే మరొకటి ఈ కొసనూ ఆ కొసనూ పట్టి ఉంచే ముడి వంటిది.

దగ్గరకు చేరడం వల్ల జన్యువు వెలుగుతోందా, లేక వెలిగిన తరువాత దగ్గరకు చేరుతోందా? ఈ సందేహం కూడా 2012లో తీరింది. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో గెర్డ్ బ్లోబెల్ బృందం, ముడి కట్టే మాంసకృత్తిని కృత్రిమంగా బీటా జన్యువు వద్దకు చేర్చి ఉచ్చు పడేటట్లు చేసింది. నిద్రాణంగా ఉన్న జన్యువు మేలుకొన్నది. కాబట్టి ఆ స్పర్శే కారణం.

ఆరు నెలల మర్మం

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు వద్దాం. పుట్టుకతో వచ్చిన జబ్బు పుట్టినప్పుడు ఎందుకు కనబడలేదు?

11వ క్రోమోజోముపై నియంత్రణ ప్రాంతం తరువాత ఐదు జన్యువులు వరుసగా నిలబడి ఉన్నాయి. మొదట ఎప్సిలాన్, తరువాత రెండు గామాలు, ఆ తరువాత డెల్టా, చివరకు బీటా. అందరికీ మీట ఒక్కటే. గర్భం దాల్చిన తొలి వారాలలో మీట ఎప్సిలాన్‌ను తాకుతుంది. తరువాత గామా జన్యువులను తాకుతుంది. గామా గొలుసులతో తయారయ్యేది పిండపు హిమోగ్లోబిన్. అది ప్రాణవాయువును మరింత గట్టిగా పట్టుకుంటుంది. తల్లి రక్తం నుండి ప్రాణవాయువును అందుకోవలసిన బిడ్డకు అదే తగినది. ప్రసవ సమయం సమీపించేకొద్దీ మీట గామాను వదిలి బీటా వైపు మళ్లుతుంది. పుట్టిన క్షణాన బిడ్డ రక్తంలో ఎక్కువ భాగం ఇంకా పిండపు హిమోగ్లోబినే. తరువాతి నెలలలో అది క్రమంగా తగ్గి, ఆ స్థానాన్ని బీటా గొలుసుల హిమోగ్లోబిన్ ఆక్రమిస్తుంది.

బీటా జన్యువు దెబ్బతిన్న బిడ్డ కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. తల్లి గర్భంలో వాడికి బీటాతో పనిలేదు. గామా వాడిని కాపాడింది. పుట్టిన తరువాత కూడా కొన్ని నెలలు ఆ పాత నిల్వే కాపాడింది. మీట గామాను విడిచి బీటా వైపు తిరిగినప్పుడు అక్కడ పలికే జన్యువు లేదు. అందుకే ఆరు నెలలు మొదలుకొని రెండేళ్లలోపు బిడ్డ పాలిపోతాడు, పాలు సరిగా తాగడు, ప్లీహం పెరిగి పొట్ట ఉబ్బుతుంది. సికిల్ సెల్ వ్యాధి కూడా బీటా జన్యువు దోషమే. ఆ వ్యాధి ఉన్న శిశువులకు తొలి నెలలలో బాధలు లేకపోవడాన్ని గమనించి, పిండపు హిమోగ్లోబినే వారిని కాపాడుతున్నదని 1948లో జానెట్ వాట్సన్ అనే అమెరికా వైద్యురాలు సూచించింది.

కాబట్టి ఆరవ నెలలో ఆ ఇంటికి ఎవరి దిష్టీ తగలలేదు. తల్లిపాలలో ఏ దోషమూ లేదు. నిజానికి బిడ్డను అన్ని నెలలు కాపాడినది తల్లి గర్భంలో ఉన్నప్పుడు మొదలైన రక్తమే. ఇక దోషమున్న రెండు ప్రతులలో ఒకటి తల్లి నుండి వస్తే మరొకటి తండ్రి నుండి వచ్చింది. కోడలిని నిందించే అత్తగారు తన కొడుకు వంతును మరచిపోతున్నారు. ఆ వంతు కొడుక్కి కూడా తన తల్లిదండ్రులలో ఒకరి నుండి వచ్చినదే. ఇందులో ఎవరి పాపమూ లేదు, ఎవరి నిర్లక్ష్యమూ లేదు.

రెండవ మీట

బీటా పలకనప్పుడు, నిద్రపోయిన గామాను తిరిగి మేల్కొల్పలేమా? ఈ ఆలోచన శాస్త్రవేత్తలను దశాబ్దాల పాటు వెంటాడింది. పెద్దయిన తరువాత కూడా కొందరి రక్తంలో పిండపు హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండడానికి కారణం వెదుకుతూ 2007, 2008 సంవత్సరాలలో పరిశోధకులు 2వ క్రోమోజోముపై ఉన్న బి.సి.ఎల్.11ఏ అనే జన్యువు వద్దకు చేరారు. గామాను నిద్రపుచ్చేవాటిలో ప్రధానమైనది అదేనని 2008లో బోస్టన్‌లో స్టువర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్, వారి సహచరులు నిరూపించారు.

అయితే దానిని పూర్తిగా తొలగించడం ప్రమాదకరం. రోగనిరోధక శక్తినిచ్చే తెల్లకణాలకు, మెదడు ఎదుగుదలకు కూడా ఆ జన్యువు అవసరం. ఇక్కడ మళ్లీ దూరపు మీటే దారి చూపింది. ఎర్రకణాలను తయారుచేసే కణాలలో మాత్రమే బి.సి.ఎల్.11ఏను వెలిగించే మీట, ఆ జన్యువు ఆరంభానికి సుమారు 55 నుండి 62 వేల అక్షరాల దూరంలో ఉన్నదని 2013లో డేనియల్ బాయర్, ఆర్కిన్ బృందం కనుగొన్నది. ఆ మీటను విరిస్తే ఎర్రకణాలలో మాత్రమే బి.సి.ఎల్.11ఏ తగ్గుతుంది. తెల్లకణాలు, మెదడు యథాతథంగా ఉంటాయి. జన్యువును తాకనక్కరలేదు, మీటను తాకితే చాలు.

చికిత్స, దాని మూల్యం

ఈ జ్ఞానం ఆధారంగా తయారైనదే కాస్‌జెవీ అనే చికిత్స. రోగి మూలకణాలను సేకరించి, క్రిస్పర్ అనే కత్తెరతో ఆ మీట వద్ద కోసి, తిరిగి శరీరంలోకి ఎక్కిస్తారు. దీనికి 2023 నవంబరులో బ్రిటన్ అనుమతినిచ్చింది. అమెరికా 2023 డిసెంబరులో సికిల్ సెల్‌కు, 2024 జనవరిలో తలసీమియాకు, 12 ఏళ్లు పైబడినవారి కోసం అనుమతించింది. 2024లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఫలితాన్ని అంచనా వేయదగినంత కాలం గడిచిన 35 మంది తలసీమియా రోగులలో 32 మంది కనీసం ఒక ఏడాది పాటు రక్తం ఎక్కించుకోవలసిన అవసరం లేకుండా జీవించారు.

శుభవార్తే. కాని పూర్తి సంగతి చెప్పకపోతే అది ఆశ పెట్టి మోసగించడమే అవుతుంది. కణాలను తిరిగి ఎక్కించే ముందు తీవ్రమైన మందులతో పాత మజ్జను తొలగించవలసి ఉంటుంది. అది సంతానశక్తిని దెబ్బతీసే అవకాశమున్నది. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. అమెరికాలో ప్రకటించిన ధర 22 లక్షల డాలర్లు. మన ఇళ్లకు అది అందే వెల కాదు.

మరి మన బిడ్డలకు ఉన్న దారులేమిటి? రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం. దానితో పేరుకొనే ఇనుమును బయటికి పంపే మందులు. ఈ మందులు మానివేస్తే ఇనుము గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అందుచేత బిడ్డ బాగానే ఉన్నాడని మందు ఆపకూడదు. తోడబుట్టినవారి మజ్జ సరిపోతే మజ్జ మార్పిడి ద్వారా పూర్తి స్వస్థత సాధ్యమే. ఒక్కొక్క తోబుట్టువు సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తలసీమియాను, సికిల్ సెల్‌ను వైకల్యాల జాబితాలో చేర్చింది. ధ్రువపత్రం కోసం జిల్లా ఆసుపత్రిలో విచారించడం తల్లిదండ్రులు మరువరాదు.

నికాహ్‌కు ముందు ఒక ప్రశ్న

దోషమున్న ఒక్క ప్రతి మాత్రమే కలిగినవారిని వాహకులంటారు. వారు రోగులు కారు. వారికి కొద్దిపాటి రక్తహీనత తప్ప మరేమీ ఉండదు. చాలామందిలో దానిని ఇనుము లోపంగా పొరబడి ఏళ్ల తరబడి ఇనుము మాత్రలు ఇస్తుంటారు. వాహకుడు వాహకురాలిని వివాహమాడితేనే చిక్కు. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, వాహకుడయ్యే అవకాశం సగం, ఏ దోషమూ లేకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురికీ రాదని కొందరు లెక్క వేస్తారు. అది తప్పు లెక్క. ప్రతి కాన్పుకూ లెక్క మొదటి నుండి మొదలవుతుంది.

మేనత్త, మేనమామ, పినతల్లి, పినతండ్రి బిడ్డల మధ్య వివాహాన్ని షరీఅత్ అనుమతించింది. అనుమతించిన దానిని నిషేధించే అధికారం మాకు లేదు. అయితే అనుమతి వేరు, ఆదేశం వేరు. ఒక యువకుడు వాహకుడైతే, అదే దోషం అతని మేనత్త కుమార్తెలో కూడా ఉండే అవకాశం సుమారు ఎనిమిదింట ఒక వంతు. ఇద్దరికీ అది ఒకే తాతమ్మల నుండి దిగివచ్చే వీలున్నది. బయటి సంబంధాలలో ఈ ప్రమాదం తక్కువ, కాని బొత్తిగా లేకపోలేదు. కాబట్టి పరీక్ష అందరికీ అవసరమే. బంధువుల మధ్య సంబంధమైతే మరింత అవసరం.

పరీక్ష కష్టమైనది కాదు. ముందు మామూలు రక్తపరీక్ష. ఎర్రకణాల పరిమాణం చిన్నదిగా కనిపిస్తే హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష. ఆడపిల్లలపై నింద పడకుండా ఉండాలంటే మొదట యువకునికే చేయించండి. అతడు వాహకుడు కాకపోతే తలసీమియా మేజర్ భయం ఆ సంబంధానికి దాదాపు లేనట్లే. అతడు వాహకుడైనప్పుడు మాత్రం అమ్మాయికి కూడా చేయించాలి. ఫలితం రెండు కుటుంబాల మధ్య అమానతుగా ఉండాలి. వాహకురాలని తెలిసిన అమ్మాయి గురించి నలుగురిలో మాట్లాడడం చాడీ చెప్పడమే అవుతుంది. ఆమె ఆరోగ్యవంతురాలే, వాహకుడు కాని ఎవరినైనా ఆమె నిశ్చింతగా వివాహమాడవచ్చును.

సౌదీ అరేబియా 2004 నుండి నికాహ్‌కు ముందు ఈ పరీక్షలను తప్పనిసరి చేసింది. ఫలితాన్ని తెలియజేస్తారు, నిర్ణయాన్ని వధూవరులకే విడిచిపెడతారు. ఇరాన్‌లో ఇది 1997 నుండి అమలులో ఉన్నది. ఇప్పటికే వివాహమైన వాహక దంపతులు గర్భం ధరించిన తొలి నెలలలోనే వైద్యులను కలవాలి. గర్భస్థ శిశువుకు పరీక్ష 10 నుండి 12 వారాల మధ్య సాధ్యం. ఆ తరువాత ఎదురయ్యే ప్రశ్న ఎంతో బరువైనది. నికాహ్‌కు ముందే పరీక్ష జరిగితే ఆ బరువు ఎవరి భుజాలపైనా పడదు.

ఈ సంగతులన్నీ తెలుసుకున్న తరువాత మా ఇంటివారు ఆ బాలుని ఇంటికి వెళ్లి అతని తల్లికి, అత్తగారు కూడా వింటుండగా, ఓపికగా వివరించారు. అంతా విని ఆ తల్లి ఒకే మాట అడిగిందట: "అయితే నా పాలలో దోషం లేదా?" లేదని మా ఇంటివారు చెప్పారు. ఆ అత్తగారు లేచి వచ్చి కోడలి పక్కన కూర్చున్నారట.

ఆనాటి నుండి నికాహ్ చదవడానికి మమ్మల్ని పిలిచిన ప్రతి ఇంటిలోనూ మహర్, సాక్షుల గురించి అడిగే ముందు రక్తపరీక్ష గురించి అడుగుతున్నాము. కొందరు నొచ్చుకుంటున్నారు. నొచ్చుకున్నా అడుగుతాము. ఒకసారి అడగక వచ్చిన ఫలితాన్ని మూడు వారాలకొకసారి ఖాళీగా కనిపించే ఆ చోటులో చూస్తూనే ఉన్నాము. పాఠకులైన సోదర సోదరీమణులకు మా విన్నపం రెండు మాటలే. మీ ఇంట పెళ్లి మాటలు మొదలైతే ముందు ఈ ప్రశ్న అడగండి. మీరు ఆరోగ్యవంతులైతే మీ ఊరి రక్తనిధిలో ఏడాదికి ఒకటి రెండుసార్లయినా రక్తం ఇవ్వండి. మా విద్యార్థి వంటి బిడ్డలు వచ్చే మూడు వారాలు తరగతిలో కూర్చోగలిగేది దానివల్లనే.